ఆమీన్ గట్టిగానా, మెల్లగానా? నమాజు హదీసుల బలాబలాలు తేల్చేదెలా

సాయంత్రపు మగ్రిబ్ నమాజులో ఇమాము (నమాజు చేయించే పెద్ద) ఖుర్ఆన్ మొదటి అధ్యాయం ఫాతిహాను ‘వలజ్జాల్లీన్’ అన్న ఆఖరి మాటతో ముగించాక చిత్తూరు మసీదుల్లో సాధారణంగా నిశ్శబ్దమే ఉంటుంది. ఇక్కడి ముస్లిముల్లో ఎక్కువమంది హనఫీ సంప్రదాయం వాళ్లు, ఆమీన్ తమలో తాము అనుకుంటారు. ఎప్పుడైనా ఒక మూల నుంచి ఇద్దరు ముగ్గురు గట్టిగా ‘ఆమీన్’ అన్నారంటే అందరికీ తెలిసిపోతుంది. కువైట్‌లో పనిచేసి వచ్చిన కుర్రాడు కావచ్చు, కేరళ నుంచి వచ్చిన షాఫయీ సంప్రదాయపు వ్యాపారి కావచ్చు, తిరుపతిలో చదువుకుంటూ యూట్యూబ్‌లో బయాన్లు (ధార్మిక ప్రసంగాలు) వినే విద్యార్థి కావచ్చు. సలాం తిప్పాక చెప్పులు వేసుకునే చోట మాటలు మొదలవుతాయి. “దీనికి హదీసు ఉందా?” “ఉంది.” “సహీహేనా? మాదీ హదీసే కదా!” హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం, సహీహ్ అంటే గట్టిగా రుజువైనది. ఒక్కోసారి ఈ వాదన అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా పోయేదాకా వెళుతుంది.

నన్ను కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఆమీన్ విషయంలో ఇంత పట్టుదలగా సనద్ (ఎవరి నోట ఎవరు విన్నారన్న వరస) అడిగేవాళ్ల ఫ్యామిలీ గ్రూపులోనే ‘నమాజు వదిలితే పదిహేను శిక్షలు’ అనే మెసేజ్ ఏటా తిరుగుతుంది. దాన్ని ఎవరూ ఏమీ అడగరు. పెద్ద పెద్ద ఇమాములు ఇరువైపులా నిలబడి చర్చించిన విషయం మీద మనం ఒకరినొకరు అనుమానిస్తున్నాం, పండితులు కల్పితమని తేల్చేసిన దాన్ని కళ్లు మూసుకుని ఫార్వర్డ్ చేస్తున్నాం. హదీసును తూచే పద్ధతి కాస్త తెలిస్తే ఈ తారుమారు సర్దుకుంటుందని నా నమ్మకం.

‘విశ్వదాభిరామ వినురవేమ’ అని చివర తగిలిస్తే ఏ ఆటవెలది అయినా వేమన పద్యంగా చలామణీ అయిపోతుంది. 1829లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించిన నాటి నుంచీ వేమన రాసినవి ఏవి, తర్వాతివాళ్లు కలిపినవి ఏవి అన్న చర్చ తెగలేదు. ఆ పద్యాన్ని ఎవరు ఎవరి నోట విన్నారన్న వరస మన దగ్గర లేకపోవడమే దానికి కారణం. హదీసు పండితులు ఆ వరసనే గట్టిగా పట్టుకున్నారు. దాని పేరే సనద్. ప్రవక్త ముహమ్మద్ (సఅసం: అల్లాహ్ కరుణ, శాంతి ఆయనపై కలుగుగాక) ఏమన్నారు, ఏం చేశారు అని చెప్పే పాఠం మతన్. దాన్ని చేరవేసిన మనుషుల వరస సనద్. ఆ వరసలోని ఒక్కో మనిషి రావీ.

ఈ జాగ్రత్త మొదటి రోజు నుంచీ ఇంత గట్టిగా లేదు. హిజ్రీ 110లో (క్రీ.శ. 729) మరణించిన పండితుడు ఇబ్నె సీరీన్ మాటను హదీసు సంకలనకర్త ఇమామ్ ముస్లిం తన ‘సహీహ్’ గ్రంథం ముందుమాటలో ఉదహరించారు. మొదట్లో సనద్ గురించి అడిగేవాళ్లు కాదని, ఫిత్నా (అంతఃకలహం) వచ్చాక ‘మీకు చెప్పినవాళ్ల పేర్లు చెప్పండి’ అనడం మొదలైందని ఆయన అన్నారు. రాజకీయ చీలికలు వచ్చాక ప్రతి పక్షమూ తనకు అనుకూలమైన మాటను ప్రవక్త పేరుతో చెప్పుకునే ప్రమాదం ఏర్పడింది. ఆ అవసరంలోంచే ఈ శాస్త్రం పుట్టింది.

ఒక హదీసును సహీహ్ అనడానికి ఐదు విషయాలు చూస్తారు. వరస ఎక్కడా తెగకూడదు, అంటే ప్రతి రావీ తన పైవాడి నుంచి నిజంగా విని ఉండాలి. ప్రతి రావీ నడవడిక నమ్మదగినదై ఉండాలి. అతని జ్ఞాపకశక్తి గానీ, రాసుకున్న ప్రతి గానీ గట్టిదై ఉండాలి. ఈ మూడూ ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి. అసలు పని మిగతా రెండింటి దగ్గర ఉంది. నమ్మకస్తుడైన రావీయే తనకంటే గట్టివాళ్లకు, లేదా ఎక్కువమందికి విరుద్ధంగా చెబితే ఆ మాటను షాజ్ అంటారు. పైకి అంతా సవ్యంగా ఉండి, దారులన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే బయటపడే లోపాన్ని ఇల్లత్ అంటారు. ఈ రెండూ ఉండకూడదు. కాబట్టి “ఇందులో రావీలందరూ నమ్మకస్తులే” అని ఎవరైనా అంటే, అది ఇంకా “ఈ హదీసు సహీహ్” అన్నట్టు కాదు. మన వాదనల్లో సగం ఈ తేడా తెలియక వచ్చేవే.

సహీహ్ కంటే ఒక మెట్టు కింద హసన్ ఉంటుంది. దాని కింద జయీఫ్. వీటన్నిటికీ బయట మౌజూ, అంటే కల్పితం. జయీఫ్ అంటే అబద్ధమని అర్థం చేసుకోకూడదు. ప్రవక్త ఆ మాట అన్నారని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలలేదని మాత్రమే దాని అర్థం.

ముందుకు వెళ్లే ముందు ఒక్క సంగతి స్థిరపరుచుకోవాలి. నమాజు ఏ ఒక్క మనిషి సనద్ మీదా నిలబడి లేదు. ఐదు పూటలు, రకాతుల (నమాజు ఆవృత్తుల) సంఖ్య, ఒక రుకూ (వంగడం), రెండు సజ్దాలు (సాష్టాంగపడటం), ఇవన్నీ వేలమంది వేలమందిని చూసి నేర్చుకున్నవి. ‘నన్ను ఎలా నమాజు చేస్తుండగా చూశారో అలా చేయండి’ అని ప్రవక్త (సఅసం) చెప్పిన మాట ఆయన సహచరుడు మాలిక్ బిన్ హువైరిస్ (రజి: అల్లాహ్ ఆయనతో ప్రసన్నుడగుగాక) ద్వారా ఇమామ్ బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. సముదాయం అలాగే చూసి నేర్చుకుంది. మన తగవులన్నీ నమాజు అంచుల్లో ఉన్న విషయాల మీదే. అక్కడే ఒక్కో రావీ జ్ఞాపకం మీద భారం పడుతుంది.

ఆ అంచుల్లో పదే పదే కనిపించే మనిషి వాయిల్ బిన్ హుజ్ర్ (రజి). యెమెన్ వైపు హజ్రమౌత్‌కు చెందిన రాజవంశీకుడు. ప్రవక్త జీవితపు చివరి కాలంలో మదీనా వచ్చి, ఆయన నమాజు ఎలా చేస్తారో ప్రత్యేకంగా గమనించారు. మళ్లీ చలికాలంలో వచ్చినప్పుడు, జనం దుప్పట్లు కప్పుకుని ఉండగా వాటి కింద చేతులు కదలడం చూశానని ఆయన చెప్పిన మాట అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. తర్వాత ఆయన ఇరాక్‌లోని కూఫాలో స్థిరపడ్డారు. ఆమీన్, చేతులు కట్టడం, రఫయదైన్ (నమాజు మధ్యలో చేతులు ఎత్తడం) మూడింటి చర్చలోనూ ఆయన ఉన్నారు, కూఫా కూడా ఉంది.

ఆమీన్ సంగతి చూద్దాం. హదీసు శాస్త్రం ఎంత సున్నితంగా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. వాయిల్ చెప్పిన ఒకే సంఘటనను కూఫావాసి సలమా బిన్ కుహైల్ నుంచి ఇద్దరు మహామహులు విన్నారు. ఒకరు సుఫ్యాన్ సౌరీ (మరణం హిజ్రీ 161), మరొకరు షూబా (మరణం హిజ్రీ 160). ప్రవక్త ఆమీన్ అంటూ స్వరం సాగదీశారని సుఫ్యాన్ చెప్పారు. స్వరం తగ్గించారని షూబా చెప్పారు. గురువు ఒక్కరే, సంఘటన ఒక్కటే, శిష్యులిద్దరూ శిఖరాలే. షూబా హదీసు విద్యలో విశ్వాసుల నాయకుడని సుఫ్యానే స్వయంగా అన్నారు. రావీల నమ్మకం మాత్రమే చూస్తే ఈ చిక్కు ఎప్పటికీ విడదు.

మరో హదీసు సంకలనకర్త ఇమామ్ తిర్మిజీ ఈ విషయం తన గురువు ఇమామ్ బుఖారీని అడిగారు. సుఫ్యాన్ మాటే సరైనదని బుఖారీ చెప్పి కారణాలు చూపారు. షూబా ఒక రావీ పేరును ‘హుజ్ర్ అబుల్ అంబస్’ అన్నారు, అసలు ఆయన హుజ్ర్ బిన్ అంబస్, ఆయన కున్యత్ (‘ఫలానావారి తండ్రి’ అనే పిలుపు పేరు) అబుస్సకన్. సనద్‌లో లేని అల్ఖమా పేరును షూబా మధ్యలో చేర్చారు. స్వరం విషయంలో కూడా పొరబడ్డారు. ఒకే హదీసులో పేర్ల దగ్గర తడబడ్డ జ్ఞాపకం, పాఠం దగ్గర కూడా తడబడి ఉంటుందన్నది ఇక్కడి తర్కం. హదీసు విమర్శకుడు అబూ జుర్ఆ కూడా సుఫ్యాన్ వైపే మొగ్గారు. షూబా తనకు అందరికంటే ఇష్టమని, అయినా సుఫ్యాన్ ఆయనతో విభేదిస్తే సుఫ్యాన్ మాటే తీసుకుంటానని మరో విమర్శకుడు యహ్యా ఖత్తాన్ ఎప్పుడో చెప్పి ఉంచారు. గౌరవానికి, తూకానికి మధ్య ఆ గీత చూడండి. షూబాను ఎవరూ తక్కువ చేయలేదు, ఈ ఒక్క మాట మాత్రం పక్కన పెట్టారు.

హనఫీ పండితులు దీనికి ఊరుకోలేదు. ఒక మనిషికి రెండు కున్యత్‌లు ఉండవచ్చని, హుజ్ర్ ఆ మాటను అల్ఖమా ద్వారానూ, నేరుగా వాయిల్ నుంచీ కూడా విని ఉండవచ్చని బదులు చెప్పారు. అంతకంటే బలమైన వాదన వాళ్ల దగ్గర ఇంకొకటి ఉంది. ఆమీన్ ఒక దుఆ, అంటే వేడుకోలు. మీ ప్రభువును వినయంగా, గోప్యంగా వేడుకోండని ఖుర్ఆన్ (7:55) చెబుతోంది. కాబట్టి మెల్లగా అనడమే మూలం, గట్టిగా అనడం నేర్పడం కోసం ఎప్పుడైనా జరిగి ఉంటుందని వాళ్ల వివరణ. అన్నిటికంటే ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, ‘స్వరం సాగదీశారు’ అన్న హదీసును చేరవేసిన సుఫ్యాన్ సౌరీ కూడా ఆమీన్ మెల్లగా అనాలనే చెప్పారని షాఫయీ పండితుడు ఇమామ్ నవవీ రాశారు. హదీసును ఉన్నది ఉన్నట్టు చేరవేయడం ఒక బాధ్యత, అన్ని ఆధారాలూ చూసి ఆచరణ నిర్ణయించుకోవడం మరొకటి. సుఫ్యాన్ రెండింటినీ కలిపేయలేదు.

చేతులు ఎక్కడ కట్టాలన్న విషయంలో ఇరుపక్షాలూ వినడానికి ఇష్టపడని నిజం ఉంది. నాభి కింద అని చెప్పే హజ్రత్ అలీ (రజి) మాట అబూ దావూద్‌లో ఉంది. దాని సనద్‌లో అబ్దుర్రహ్మాన్ బిన్ ఇస్‌హాఖ్ కూఫీ ఉన్నాడు. అతను బలహీనుడని హదీసు ఇమాములు ఏకాభిప్రాయంతో చెప్పారని నవవీ రాశారు. ఛాతీ మీద అని చెప్పే వాయిల్ హదీసు సహీహ్ ఇబ్నె ఖుజైమాలో ఉంది. పుస్తకం పేరులో సహీహ్ ఉంది కాబట్టి చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆ సనద్‌లో సుఫ్యాన్ సౌరీ నుంచి చెబుతున్నది ముఅమ్మల్ బిన్ ఇస్మాయీల్. మంచి మనిషే, కానీ తన పుస్తకాలు పాతిపెట్టి జ్ఞాపకం మీద చెప్పడంతో పొరపాట్లు ఎక్కువయ్యాయని జీవిత చరిత్రల్లో ఉంది. ‘ఛాతీ మీద’ అన్న మాట ముఅమ్మల్ తప్ప ఇంకెవరూ చెప్పలేదని ఇబ్నుల్ ఖయ్యిమ్ గుర్తించారు. ఇక సుఫ్యాన్ అభిప్రాయం నాభి కింద అనేదే! ఛాతీ పక్షానికి ముస్నద్ అహ్మద్‌లో హుల్బ్ (రజి) హదీసు, అబూ దావూద్‌లో తావూస్ ముర్సల్ (ఆయనకూ ప్రవక్తకూ మధ్య రావీ పేరు లేని హదీసు) తోడు ఉన్నాయి. అవి కొంత బలం ఇస్తాయి గానీ వాటి మీదా చర్చ ఉంది.

నిస్సందేహంగా గట్టిది ఏది అంటే, కుడిచేతిని ఎడమ ముంజేతి మీద పెట్టాలని జనానికి ఆదేశం ఉండేదని సహ్ల్ బిన్ సఅద్ (రజి) చెప్పిన మాట. అది బుఖారీలో ఉంది. కుడిచేతిని ఎడమచేతి మీద పెట్టడం గురించి వాయిల్ హదీసు ముస్లింలోనూ ఉంది. ఆ చేతులు శరీరం మీద ఏ చోట ఉండాలో ఈ రెండూ చెప్పవు. ఇమామ్ మాలిక్ అయితే సహ్ల్ హదీసును తన మువత్తా గ్రంథంలో చేర్చారు కూడా, అయినా ఫర్జ్ (విధి) నమాజులో చేతులు వదిలేయాలని ఆయన అన్నట్టు శిష్యుడు ఇబ్నుల్ ఖాసిమ్ చెప్పారు. తిర్మిజీ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోదగింది. కొందరు నాభి పైన, కొందరు కింద పెట్టాలన్నారని, పండితుల దృష్టిలో ఇదంతా వెసులుబాటు ఉన్న విషయమని ఆయన రాశారు. హిజ్రీ మూడో శతాబ్దంలో అంత విశాలంగా చూసిన దాన్ని మనం చెప్పుల దగ్గర తగవుగా మార్చుకున్నాం.

రఫయదైన్‌లో బలాబలాలు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తాయి. రుకూకు వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు చేతులు ఎత్తడం గురించి ఇబ్నె ఉమర్ (రజి) హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దాని సనద్ మీద వేలెత్తి చూపినవాళ్లు లేరు. బుఖారీ ఈ విషయం మీదే ఒక చిన్న పుస్తకం విడిగా రాశారు. మొదట్లో ఒక్కసారే ఎత్తాలన్న పక్షానికి బరా బిన్ ఆజిబ్ (రజి) పేరుతో ఒక హదీసు ఉంది. దాన్ని చెప్పిన యజీద్ బిన్ అబీ జియాద్ కథ వినాలి. సుఫ్యాన్ బిన్ ఉయైనా (ఈయన వేరే సుఫ్యాన్) ఆ హదీసును యజీద్ దగ్గర మొదట మక్కాలో విన్నారు. అప్పుడు ‘తర్వాత మళ్లీ ఎత్తలేదు’ అన్న మాట అందులో లేదు. కొంతకాలం తర్వాత కూఫాలో వింటే ఆ మాట వచ్చి చేరింది. జనం ఆయనకు అందించి ఉంటారని అనుకున్నానని సుఫ్యాన్ చెప్పారు. వయసుతో జ్ఞాపకం సడలిన మనిషికి పక్కనున్నవాళ్లు ఒక మాట అందిస్తే దాన్ని తనదిగా చెప్పేయడం సహజమే. పండితులు ఈ లోపానికి తల్‌ఖీన్ అని పేరే పెట్టారు.

ఆ పక్షానికి అసలు ఆధారం ఇబ్నె మస్‌ఊద్ (రజి) హదీసు. ప్రవక్త నమాజు చేసి చూపిస్తానని చెప్పి, ఆయన ఒక్కసారే చేతులు ఎత్తారు. దీన్ని చెప్పేది కూడా సుఫ్యాన్ సౌరీయే. తిర్మిజీ దీన్ని హసన్ అన్నారు. ఇది రుజువు కాలేదని ఇబ్నె ముబారక్ అన్నారు. పెద్ద హదీసును కుదించి చెప్పడంలో వచ్చిన మాట అని, ఈ పదాలతో సహీహ్ కాదని అబూ దావూద్ అన్నారు. అయితే ఇబ్నె హజ్మ్ సహీహ్ అన్నారు. నేరుగా హదీసునే అనుసరించాలనే అహ్లె హదీస్ సోదరులు ఎంతో గౌరవించే అల్బానీ (1914–1999) కూడా దీని సనద్ సహీహ్ అని తేల్చారు, తాను మాత్రం చేతులు ఎత్తడమే సున్నత్ (ప్రవక్త పద్ధతి) అన్నారు. చేతులు ఎత్తడం వాయిల్ ఒకసారి చూసి ఉంటే అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ యాభైసార్లు ఎత్తకపోవడం చూశారని కూఫా పండితుడు ఇబ్రాహీం నఖయీ బదులిచ్చారు. అందులో బలం ఉంది, కానీ ఇబ్నె ఉమర్ కూడా మదీనాలో ఏళ్ల తరబడి ప్రవక్త వెనుక నిలబడ్డవారే. నా మట్టుకు రఫయదైన్ ఆధారం సనద్ పరంగా బరువైనదని అనిపిస్తుంది. అయినా ఎత్తనివాళ్లను ‘హదీసు వదిలేసినవాళ్లు’ అనడం అన్యాయం. వాళ్ల దగ్గరా హదీసు ఉంది, దాన్ని ఆచరించిన సహాబా (ప్రవక్త సహచరులు) ఉన్నారని తిర్మిజీయే రాశారు.

ఇప్పుడు ఆ పదిహేను శిక్షల దగ్గరికి వద్దాం. బతికుండగా ఆరు, చావు సమయంలో మూడు, సమాధిలో మూడు, లేచాక మూడు అని లెక్క చెప్పే ఆ పాఠాన్ని చిన్న పుస్తకాల్లో, క్యాలెండర్ల వెనుక, ఇప్పుడు ఫోన్లలో చదువుతూనే ఉన్నాం. దానికి సనద్ లేదనుకుంటే పొరపాటు. ఇమామ్ షాఫయీ, ఆయనకు చెప్పిన మాలిక్, పైన ప్రవక్త సహచరుడు అబూ హురైరా దాకా ధగధగలాడే పేర్లే ఉన్నాయి. ఆ పేర్ల కింద ముహమ్మద్ బిన్ అలీ అత్తార్ అనే బాగ్దాద్ మనిషి ఉన్నాడు. నమాజు వదిలినవాడి గురించిన ఈ హదీసును అతను అబూ బక్ర్ నీసాబూరీ పేరు మీద కల్పించాడని రావీల చరిత్రలు రాసిన జహబీ చెప్పారు. ఇది స్పష్టమైన అసత్యమని ఇబ్నె హజర్ (మరణం క్రీ.శ. 1449) అన్నారు. దొంగ మాటకు గొప్ప పేర్లు అంటించడం అప్పుడూ ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆ పేర్లు కూడా రాలిపోయి ‘ప్రవక్త ఇలా అన్నారు’ అన్న ఒక్క ముక్క మిగులుతుంది. ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

రంజాన్ చివరి జుమా ముందు వచ్చే ‘ఖజా ఉమ్రీ’ మెసేజ్ దీనికి తోబుట్టువు. ఆ రోజు ఒక ప్రత్యేక నమాజు చేస్తే డెబ్బై ఏళ్లలో తప్పిపోయిన నమాజులన్నీ తీరిపోతాయట. ఇది పూర్తిగా బాతిల్ (చెల్లనిది) అని ముల్లా అలీ ఖారీ రాశారు. ఒక ఆరాధన ఏళ్ల తరబడి వదిలేసిన వాటికి బదులు కాదన్న ఏకాభిప్రాయానికే ఇది విరుద్ధమన్నారు. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయా వ్యాఖ్యాతలు దీన్ని పేర్కొన్నారు కదా అంటే, వాళ్లు హదీసు నిపుణులు కారని కూడా రాశారు. ఖారీ స్వయంగా హనఫీ. లక్నో పండితుడు అబ్దుల్ హై (1848–1886) కూడా హనఫీయే, ఆ చివరి జుమా కల్పనల మీద ఏకంగా ఒక గ్రంథం రాశారు. తమ ఇంటి పుస్తకాల్ని తామే సరిదిద్దుకున్న ఈ ధైర్యం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

పుణ్యకార్యాలకు జయీఫ్ అయినా పర్వాలేదు కదా అని కొందరు అంటారు. ఇబ్నె హజర్ దానికి మూడు షరతులు పెట్టారు. బలహీనత తీవ్రంగా ఉండకూడదు. ఆ పని ముందే ఉన్న ఒక మూలసూత్రం కిందికి రావాలి. ప్రవక్త చెప్పారని ఖాయంగా నమ్మకుండా ఆచరించాలి. కల్పిత హదీసు మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది. నమాజు వదలడం ఎంత తీవ్రమైనదో చెప్పడానికి, మనిషికీ షిర్క్ (బహుదైవారాధన), కుఫ్ర్ (అవిశ్వాసం) రెండింటికీ మధ్య నమాజు వదలడమే ఉందన్న జాబిర్ (రజి) హదీసు ముస్లింలో ఉండనే ఉంది.

మనలాంటివాళ్లం ప్రతి రావీనీ పరిశోధించలేం. కానీ అడగవలసింది అడగగలం. ‘బుఖారీ’ అని రాసి ఉంటే ఏ పుస్తకమని అడగాలి. ఇమామ్ బుఖారీ చాలా పుస్తకాలు రాశారు, సహీహ్‌కు పెట్టుకున్న గట్టి షరతులు మిగతా వాటికి పెట్టుకోలేదు. నంబరు ఒక్కటి చాలదు, ముద్రణను బట్టి అది మారుతుంది, అధ్యాయం పేరు కూడా కావాలి. అబూ దావూద్, తిర్మిజీ అంటే, ఆ హదీసు కిందే ఆ ఇమాములు ఏం రాశారో చదివించుకోవాలి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది, కోట్ చేసేవాళ్లు దాన్ని వదిలేస్తారు. ‘సహీహ్’ అంటే ఎవరు అన్నారో, విభేదించిందెవరో కూడా అడగాలి. చిత్తూరు నుంచి వేలూరు బస్సు ప్రయాణమంత దూరం. అక్కడి బాఖియాతుస్ సాలిహాత్ మదరసాలో గానీ, ఆంబూరు దగ్గర 1924లో మొదలైన ఉమరాబాద్ జామియా దారుస్సలాంలో గానీ చదివి వచ్చిన ఆలిములు (ధర్మ పండితులు) మన చుట్టుపక్కల దొరుకుతారు. వీలైతే ఒక్కో చోట చదివిన ఒక్కొక్కరిని అడగండి. ఆమీన్ గురించి వాళ్ల జవాబులు వేరుగా ఉండవచ్చు, పదిహేను శిక్షల గురించి మాత్రం ఇద్దరినీ సనద్ అడిగి చూడండి.